కొనేవారే అమ్మేవారైతే?



బడికి బల్లలు కొనే సంఘంలో కూర్చున్న పెద్దమనిషే ఆ బల్లలు అమ్మే దుకాణదారుడైతే, ధర నిర్ణయించేది ఎవరు? ఈ ప్రశ్నకు చట్టం ఏనాడో సమాధానం చెప్పింది.

ఇంగ్లండులో 1870 నాటి ప్రాథమిక విద్యా చట్టం ఎన్నికైన స్కూలు బోర్డులకు పన్నుల సొమ్మును అప్పగించింది. బోర్డు సభ్యుడెవరూ ఆ బోర్డు కాంట్రాక్టులలో లాభం పంచుకోరాదని అదే చట్టంలోని 34వ సెక్షను నిషేధించింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920 నాటి స్థానిక బోర్డుల చట్టం కూడా ఆ నీతినే అనుసరించింది. బోర్డుతో కాంట్రాక్టు నడుపుతున్నవాడు సభ్యత్వానికి అనర్హుడు. బళ్లారి, గంజాం, హోసూరు ప్రాంతాల బోర్డు బడులు ఆనాడు ఈ చట్టం కిందివే.

తరువాత తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో ప్రభుత్వ కొనుగోళ్ల పారదర్శకతకు ప్రత్యేక చట్టాలు చేశాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలనీ, గ్రాంటుల వినియోగాన్ని ఆ కమిటీ పర్యవేక్షించాలనీ నిర్దేశించింది. అయితే భాషా అల్పసంఖ్యాకులు స్థాపించి నడిపే బడులలో, 2012 సవరణతో, ఆ కమిటీ సలహా సంఘంగా మాత్రమే మిగిలింది.

కనుక అటువంటి బడులలో మన కట్టుబాటే మనకు రక్ష. మన తెలుగు సమాజాలు చిన్నవి. పుస్తకాలు తెచ్చేవారూ కమిటీలో కూర్చునేవారూ తరచు బంధువులే. బంధుత్వం దోషం కాదు. దాన్ని దాచడమే దోషం. సంబంధాన్ని ముందే వెల్లడించి, ఆ తీర్మానం వేళ సభ నుండి లేచి వెళ్లండి. ఆ సంగతిని మినిట్సు పుస్తకంలో రాయించండి. లేచినవారి గౌరవం తగ్గదు. పిల్లల సొమ్ము నిలుస్తుంది.