ఫోటో కింది మాట

1869లో సర్ సయ్యద్ అహ్మద్‌ఖాన్ తన ఇద్దరు కొడుకులు హామిద్, మహమూద్‌లను వెంటబెట్టుకొని లండన్ వెళ్ళాడు. అక్కడి ఇండియా ఆఫీసులో ఆయన ఒక పుస్తకం చూశాడు. హిందుస్తాన్‌లోని జాతులన్నిటికీ ఫోటోలు తీసి, ఒక్కో ఫోటోకు ఆ మనుషుల గుణగణాలు రాసిపెట్టిన పుస్తకమది. అందులో మనవాళ్ళు జంతువుల్లా కనిపిస్తున్నారని ఆయన ఇంటికి రాసిన ఉత్తరంలో బాధపడ్డాడు. తండ్రీకొడుకులు అక్కడున్నప్పుడే ఒక ఇంగ్లీషు కుర్రవాడు వచ్చాడు. కాసేపు ఆ బొమ్మలు తిరగేసి, నువ్వు హిందుస్తానీవా అని మహమూద్‌ని అడిగాడు. మహమూద్ ఔనన్నాడు. అంటుంటేనే సిగ్గుతో ముఖం ఎర్రబడింది. వెంటనే, తాను ఇక్కడి ఆదివాసిని కాననీ, తమ పెద్దలు వేరే దేశం నుంచి వచ్చినవాళ్ళనీ సంజాయిషీ చెప్పుకున్నాడు.

ఈ సంగతి శత్రువులెవరో పుట్టించింది కాదు, సర్ సయ్యదే రాసుకున్నాడు. దీన్ని మొదటిసారి ఉర్దూలో చదివినప్పుడు మాకు ఆ పుస్తకం మీద కోపం వచ్చింది. రెండోసారి చదివినప్పుడు మహమూద్ మీద వచ్చింది. ఇప్పుడు చదివితే ఆ సంజాయిషీ మా ఇంట్లోంచే వినపడుతోంది. దాని సంగతి తర్వాత చెబుతాం. అసలు ఆ పుస్తకం దాకా కెమెరా ఎలా నడిచొచ్చిందో ముందు చూడాలి.

కెమెరా అనగానే మా పెద్దలు కొందరు ఇబ్నుల్ హైసమ్ పేరెత్తుతారు. ఎత్తవలసిందే. చిన్న రంధ్రం గుండా చీకటి గదిలోకి వచ్చే వెలుగు ఎలా ప్రవర్తిస్తుందో పదకొండో శతాబ్దంలోనే పరిశీలించి రాసిన మహానుభావుడాయన. కానీ మావాళ్ళు అక్కడితో ఆగరు. కెమెరా అన్న మాట కూడా అరబ్బీదేనంటారు. అది అరబ్బీ కాదు, గది అని అర్థం వచ్చే లాటిన్ మాట. ఉన్న గొప్ప చాలక లేనిదాన్ని తగిలించుకునే ఈ అలవాటు మాకెందుకు వచ్చిందో ఆలోచించుకోవాలి.

వెలుగు గీసిన బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టడం మాత్రం పందొమ్మిదో శతాబ్దపు పని. 1839లో పారిస్‌లో డాగేర్ పద్ధతిని లోకానికి వెల్లడి చేశారు. వెండిపూత పూసిన రాగిరేకు మీద బొమ్మ పడుతుంది. దానికి నకలు ఉండదు. ఏడాది తిరక్కుండానే ఆ కెమెరాలు కలకత్తా అంగట్లోకి వచ్చాయి. 1851లో గాజుపలక పద్ధతి వచ్చాక ఒక్క పలక నుంచి కాగితం మీద ఎన్ని నకళ్ళైనా తీయడం సాధ్యమైంది. అయితే పలకకు పూసిన మందు తడిగా ఉండగానే ఫోటో తీయాలి, అప్పుడే కడగాలి. ఫోటోగ్రాఫరు చీకటి గుడారాన్ని వెంట మోసుకు తిరగాలి. ఎదుట కూర్చున్న మనిషి కొన్ని క్షణాలు కదలకూడదు. స్టూడియోల్లో మెడ వెనక ఇనుప ఊత కూడా పెట్టేవారు. పాత ఫోటోల్లో ఎవరూ నవ్వకపోవడానికి ఇదొక కారణం. ఈ ఊతను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి.

మన దేశంలో మొదటినుంచీ దొరలే కెమెరా వెనక ఉన్నారనీ, మనం ఎప్పుడూ ముందే నిలబడ్డామనీ అనుకుంటే పొరపాటు. 1850ల్లో లక్నోలో అహ్మద్ అలీఖాన్ అనే ఫోటోగ్రాఫరు ఉండేవాడు. అవధ్ నవాబు వాజిద్ అలీ షా ఇంటివాళ్ళ ఫోటోలూ తీశాడు, ఊళ్ళోని దొరల, దొరసానుల ఫోటోలూ తీశాడు. 1857లో లక్నో రెసిడెన్సీ ముట్టడిలో ఆ దొరల కుటుంబాలు ఎన్నో పోయాయి. చనిపోయినవాళ్ళ ముఖాలను చూసుకోవడానికి ఇంగ్లాండులోని బంధువులకు మిగిలినవి ఆ ముసల్మాను తీసిన ఫోటోలే. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి.

మరుసటి ఏడాది అదే లక్నోకు ఫెలీచే బియాటో వచ్చాడు. సికందర్‌బాగ్‌లో 1857 నవంబరులో ఇంచుమించు రెండువేలమంది తిరుగుబాటు సిపాయిలను చంపేశారు. బియాటో వచ్చేసరికి నెలలు గడిచాయి. ఫోటో కోసం ఆ అస్థికలను మళ్ళీ బయటపెట్టించాడని అప్పటి ఇంగ్లీషు అధికారి ఒకరు తన జ్ఞాపకాల్లో రాశాడు. కూలిన భవనం ముందు ఎముకలు, పుర్రెలు చెల్లాచెదరుగా పడి ఉన్న ఆ ఫోటో లోకమంతా తిరిగింది. ఆ ఎముకల్లో ఏవి హిందువువో, ఏవి ముసల్మానువో ఫోటో చెప్పదు. అదే 1858లో ఢిల్లీలో ఆఖరి బాదుషా బహదూర్‌షా జఫర్ ఫోటో తీశారు. మంచం మీద ఒరిగి, చేతిలో హుక్కా గొట్టంతో ఉన్న ముసలాయన. ఆ ఏడాది అక్టోబరులోనే ఆయన్ని రంగూన్ పంపించారు. మొగల్ పాదుషాలను మనం రంగుల చిత్రాల్లో పక్కనుంచి చూస్తాం, తల చుట్టూ కాంతివలయంతో. కెమెరా నేరుగా కళ్ళలోకి చూసింది ఈ ఖైదీనొక్కణ్ణే.

సర్ సయ్యద్ చూసిన పుస్తకం ఈ 1857 తర్వాత పుట్టింది. దాని పేరు ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’. గవర్నర్ జనరల్ కానింగ్, ఆయన భార్య తమ జ్ఞాపకానికని ఫోటోలు పోగుచేయించడంతో మొదలై, తిరుగుబాటు దరిమిలా సర్కారు పనిగా మారిపోయింది. ఏ జాతి నమ్మదగింది, ఏ జాతి కాదు అని తెలుసుకోవలసిన అవసరం ఏలినవారికి వచ్చింది మరి. 1868 నుంచి 1875 దాకా 8 సంపుటాలు, నాలుగు వందలకు పైగా ఫోటోలు, 200 ప్రతులు. అందులో అలహాబాదుకు చెందిన షేర్ అలీ సయ్యద్ అనే పెద్దమనిషి ఫోటో ఒకటి ఉంది. ఆయన ముఖంలో తన వర్గానికి తగ్గ మొండితనం, కాముకత్వం, అజ్ఞానం, మతోన్మాదం కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయని కింద రాశారు. ఇంతకన్నా రోత పుట్టించే ముఖాన్ని ఊహించడమే కష్టమన్నారు.

ఆ మనిషి చేసిన నేరం కదలకుండా కూర్చోవడం. కూర్చోమన్నది వాళ్ళే, నవ్వితే బొమ్మ చెడుతుందన్నది వాళ్ళే, ఆ బిగుసుకున్న ముఖాన్ని చూసి మతోన్మాదమన్నదీ వాళ్ళే. ఫోటో అబద్ధం చెప్పలేదు. దాని కిందికి వచ్చి కూర్చున్న వాక్యం చెప్పింది.

మద్రాసు వైపు ఆ పని ఎడ్గార్ థర్‌స్టన్ చేశాడు. మద్రాసు మ్యూజియం అధికారి ఆయన. కెమెరాతో పాటు ముక్కులూ పుర్రెలూ కొలిచే పరికరాలు వెంటబెట్టుకొని తిరిగాడు. రంగాచారితో కలిసి తెచ్చిన 7 సంపుటాలు 1909లో అచ్చయ్యాయి. అందులో దూదేకుల గురించి ఉంది. వీళ్ళు ముసల్మానులే గాని పెళ్ళిలో తాళి కడతారనీ, తమ మతం గురించి వీళ్ళకు తెలిసింది చాలా తక్కువనీ, చుట్టుపక్కల హిందువుల ఆచారాలు పాటిస్తారనీ రాశారు. అలహాబాదు సయ్యదు మరీ ఎక్కువ ముసల్మాను, కర్నూలు దూదేకులవాడు మరీ తక్కువ ముసల్మాను. సరిపోయినంత ముసల్మాను ఎవరో ఆ పుస్తకాల్లో మాకు దొరకలేదు.

హైదరాబాదు కథ వేరు. అక్కడ కెమెరా మా కొలువులోనే ఉంది, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో. పట్టుకున్నది లాలా దీన్‌దయాళ్, మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టిన జైనుడు. నిజాం ఆయనకు రాజా బిరుదుతో పాటు ‘ముసవ్విర్ జంగ్’ అన్న బిరుదు కూడా ఇచ్చాడు. ముసవ్విర్ అంటే రూపం దిద్దేవాడు. అల్లాహ్ 99 నామాల్లో అదొకటి. బొమ్మ తీయడం హరామా హలాలా అని ఒకపక్క వాదనలు నడుస్తుంటే, ఒక ముసల్మాను ప్రభువు ఒక జైనుడికి ఆ బిరుదిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో పెట్టాడు. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల అందరూ ఆడవాళ్ళే, ఫోటో తీసేది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు దొరసాని. పర్దా చెడలేదు, ఫోటో ఆగలేదు. నూటొక్కేళ్ళ తర్వాత, 1993లో, ఓటరు కార్డుకు ఫోటో అనగానే మా ఆడవాళ్ళ ముఖాల గురించి మగవాళ్ళంతా పేజీలకు పేజీలు రాశారు. జనానా స్టూడియో మాట ఒక్కరికీ గుర్తు రాలేదు. రాసినవాళ్ళలో మేమూ ఉన్నాం.

అయితే ఆ స్టూడియో నవాబుల ఇళ్ళకే. బీడీలు చుట్టే బీబీకి, దూదేకులమ్మకు దాని గడప తెలియదు. పేద ముసల్మానుల ముఖాలు వెతకాలంటే థర్‌స్టన్ లాంటివాళ్ళ దగ్గరికే వెళ్ళాలి, లేదా పత్రికలకు రావాలి. పత్రికల్లో మేం ఇరవయ్యేళ్ళు పనిచేశాం. రంజాన్ వస్తే తెల్లటోపీల వరస, ఎన్నికలొస్తే బురఖాల వరస, గొడవలైతే గడ్డం. ఉర్దూ పత్రికలో ఉన్నా తెలుగు పత్రికలో ఉన్నా అవే ఫోటోలు. వాటి కింది మాటలు చాలాసార్లు మేమే రాసిచ్చాం, ‘ప్రార్థనలో ముస్లిం సోదరులు’ అని. ఆ సోదరుల పేర్లు ఏనాడూ అడగలేదు.

ఇక మా ఇంటి సంగతి. మా ఇళ్ళలో మాట తెలుగే. ఉర్దూ మేం బడికి పోయి నేర్చుకున్నాం. మా జేజి ట్రంకుపెట్టెలో చీరల అడుగున బోర్లించిన ఫోటో ఒకటి ఉండేది. బొమ్మలున్న ఇంట్లోకి ఫరిస్తాలు రారంటారు గనుక బోర్లించి పెట్టింది, చింపడానికి మాత్రం చేతులు రాలేదు. సంతలో తిరుగుతూ ఫోటోలు తీసే అతనెవరో తీసినది. జేజినాయన నిలబడి ఉన్నాడు, నెత్తిన తువ్వాల, బిగుసుకున్న ముఖం. ఎడమపక్క అట్ట వంకరగా, కత్తెరతో కోసినట్టు ఉండేది. చిన్నప్పుడు చెదలు తిన్నాయన్నారు.

కోసింది మా చిన్నాయన. పట్నంలో ఉద్యోగమై, పేరు చివర ఖాన్ చేరాక, సంబంధాలు చూసేటప్పుడు ఫోటో చూపించాల్సి వచ్చింది. మా పెద్దలు ఆఫ్ఘనిస్తాన్ వైపు నుంచి వచ్చారని ఆయన పెళ్ళివారికి చెప్పాడు. ఫోటోలో జేజినాయన భుజాన దూది ఏకే విల్లు ఉంది. దాన్ని కోసేశాడు. ఈ సంగతి జేజి పోయాక ఆయనే చెప్పాడు. చెబుతుంటే ముఖం ఎర్రబడింది.

ఫోటో ఇప్పుడు మా దగ్గరుంది. కత్తెర సరిగ్గా ఆడలేదు. భుజం పైన, తువ్వాల అంచు పక్కన, నరం బిగించిన విల్లు కొస వేలెడంత మిగిలిపోయింది.