సున్నమైపోయిన స్తూపం: అమరావతి మ్యూజియంలో ఒక పూట

మాది తుళ్లూరు. అమరావతి మ్యూజియం మా ఊరికి దగ్గరే. చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకెళ్తే పులిహోర తిని వచ్చేశాం, అంతే. ఈసారి మా నాయనమ్మని తీసుకుని వెళ్లాను.

ఈ శిల్పాలన్నీ సున్నపురాయే. పల్నాడు వైపు దొరికే రాయి. చాలా సన్నని రాయి కాబట్టి తామర రేకులు, చేతి గాజులు కూడా విడివిడిగా కనిపించేలా చెక్కారు. క్రీస్తుకు పూర్వమే మొదలైన స్తూపం ఇది. శాతవాహనుల కాలంలో, క్రీ.శ. 2వ శతాబ్దం నాటికి ఈ చెక్కడాలతో నిండిపోయింది. 2018లో ఖరారు చేసిన మన రాష్ట్ర చిహ్నంలోని పూర్ణఘటం కూడా ఈ అమరావతి శిల్పాల నుంచి వచ్చిందే.

నాయనమ్మ ఒక పలక ముందు ఆగి, "ఏరా, సున్నపురాయంటే కాలిస్తే సున్నమేగా?" అంది. అవును నాయనమ్మా, జరిగింది కూడా అదే.

18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి ఇక్కడికి మార్చారు. కొత్త ఊరు కట్టడానికి రాళ్లు కావాలి, సున్నం కావాలి. దిబ్బ తవ్వితే రెండూ దొరికాయి. చెక్కిన పలకలు కొన్ని కట్టడాల్లో కలిశాయి, కొన్ని సున్నపు బట్టీలోకి పోయాయి. సుమారు 900 డిగ్రీల వేడి తగిలితే ఈ రాయిలోంచి కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోతుంది. మిగిలేది సున్నం. ఇక అందులో బొమ్మ ఉండదు.

1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. ఆయన గీయించిన పలకల్లో కొన్ని ఇప్పుడు కాగితం మీదే ఉన్నాయి.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. అక్కడి నుంచి 120 దాకా లండన్ వెళ్లాయి. అందుకే "మనవాళ్లు కాల్చారు, తెల్లవాళ్లు కాపాడారు" అంటుంటారు. అందులో సగమే నిజం. బొగ్గు పొగలోని గంధకం తేమతో కలిస్తే ఆమ్లం అవుతుంది, అది సున్నపురాయిని తినేస్తుంది. లండన్ గాలికి భయపడి బ్రిటిష్ మ్యూజియం వాళ్లు వీటిని దాదాపు ముప్పై ఏళ్లు కింది గదుల్లో దాచారు. 1992లో ఏసీ గ్యాలరీ కట్టాకే బయటపెట్టారు. అంటే ఈ రాయికి మన బట్టీ ఎంత శత్రువో, వాళ్ల పొగ కూడా అంతే.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? మా పొలాల్లో మళ్లీ రాజధాని కడుతున్నారు. మళ్లీ పునాదులు, మళ్లీ తవ్వకాలు. ఎక్కడైనా చెక్కిన రాయి బయటపడితే కదపకండి. ఫోటో తీసి, పురావస్తు శాఖకో తహసీల్దారు ఆఫీసుకో చెప్పండి. మొదటిసారి రాజధాని కట్టినప్పుడు చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు మన చేతిలో ఫోన్ ఉంది.

బయటికొచ్చాక నాయనమ్మ ఆకుకి సున్నం రాస్తూ, "ఇదెక్కడి రాయో ఏమో" అంది. నాకు నవ్వు రాలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.