చక్రం కొలత: ఎడ్లబండి నుంచి పందెపు కారు దాకా



మరాఠీలో చాక్ అంటాం, తెలుగులో చక్రం అంటాం. సిరోంచ నుంచి ముల్చేర దాకా ఈ రెండు మాటలూ ఒకే నోట పలికే మనకు, చక్రానికి కొలత ముఖ్యమని ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ఇనుప పట్టా వేసిన బండి ప్రాణహిత ఇసుకలోకి దిగిందంటే చక్రం కూరుకుపోతుంది, ఎడ్లు నురగలు కక్కుతాయి. అదే బండికి వెడల్పాటి గాలి టైర్లు వేస్తే ఇసుక మీద సులువుగా సాగిపోతుంది. అందుకే మన పెద్దలు చక్రం చేయించేముందు మూడు సంగతులు ఆలోచించేవారు. బరువెంత? నేల ఎట్లాంటిది? నడక ఎంత? పందెపు బాట మీద గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే కారుకు టైరు ఎంచేవారూ ఈ మూడు ప్రశ్నలే వేసుకుంటారు.

గాలి టైరు కథ 1845లో మొదలైంది. స్కాట్లండుకు చెందిన థామ్సన్ ఆ ఏడాది దానికి పేటెంటు పొందాడు గాని, జనం పట్టించుకోలేదు. 1888లో బెల్‌ఫాస్టులోని పశువైద్యుడు డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం దాన్ని మళ్ళీ తయారుచేశాడు. 1895లో ఫ్రాన్సులో పారిస్ నుంచి బోర్డో వెళ్ళి తిరిగి వచ్చే పందెంలో మిషెలిన్ సోదరులు గాలి టైర్ల కారును దింపారు. దాదాపు 1,200 కిలోమీటర్ల దారిలో టైర్లు మాటిమాటికీ పంక్చరయ్యాయి. కారు గడువు దాటాకే చేరింది. అయినా కారుకు గాలి టైరు పనికొస్తుందని లోకానికి తెలిసింది. టైరుకు పందెపు బాటే పరీక్షశాల అయింది.

మన దేశంలో ఆ పరీక్షశాల చాలాకాలం షోలవరంలో ఉండేది. మద్రాసు నుంచి నెల్లూరు వెళ్ళే దారిలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల మైదానం అది. తరువాత 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకమైన బాట వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్తు కార్ల ఫార్ములా ఇ పోటీ జరిగింది. ఫ్రాన్సు డ్రైవరు వెర్న్ గెలిచాడు. ఆ పోటీలో టైరు కొలతను నిబంధనలే నిర్ణయిస్తాయి, డ్రైవరు ఎంచుకోవడానికి వీల్లేదు. సొంత కారును బాట మీదికి తీసుకెళ్ళేవాడికి మాత్రం ఎంచుకునే స్వేచ్ఛ ఉంది, దానితోపాటే చిక్కూ ఉంది.

మీ ఊళ్ళో ఏ కారు దగ్గరికైనా వెళ్ళి టైరు పక్కభాగం చూడండి. 205/55 ఆర్ 16 అని ఉందనుకుందాం. 205 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే ఆ వెడల్పులో నూటికి 55 వంతులు పక్కగోడ ఎత్తు, అంటే సుమారు 113 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్ రకం. 16 అంటే లోపలి రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. రిమ్ముకు పైన ఒక గోడ, కింద ఒక గోడ కలిపితే మొత్తం వ్యాసం 632 మిల్లీమీటర్లు. ఇప్పుడు 225/45 ఆర్ 17 లెక్క వేయండి. 634 వస్తుంది. తేడా రెండు మిల్లీమీటర్లే. కనుక మొదటిదాని బదులు రెండోది వేసినా మీటరు తప్పు చూపదు. అదే మొత్తం వ్యాసం నూటికి అయిదు పెరిగితే, మీటరు 100 చూపేటప్పుడు కారు 105 మీద పోతుంటుంది.

మరి వెడల్పు పెంచితే పట్టు పెరుగుతుందా? ఇక్కడే చాలామంది పొరబడతారు. 1,200 కిలోల కారులో ఒక్కో చక్రం మీద సుమారు 300 కిలోల బరువు పడుతుంది. చదరపు సెంటీమీటరుకు రెండు కిలోల గాలి ఒత్తిడి ఉంటే, ఒక్కో టైరు నేలను తాకేది దాదాపు 150 చదరపు సెంటీమీటర్లు. అంటే చాచిన చేయంత! టైరు వెడల్పు చేసినా ఈ విస్తీర్ణం పెద్దగా మారదు, ఆకారం మారుతుంది. పొడవు తగ్గి అడ్డం పెరుగుతుంది. మలుపులో ఆ ఆకారమే మేలు చేస్తుంది, వేడినీ బాగా తట్టుకుంటుంది. కాని వానలో నీటి మీద తేలే ప్రమాదమూ వెడల్పు టైరుకే ఎక్కువ. పైగా ఇరుకు రిమ్ముకు వెడల్పు టైరు బిగిస్తే పక్కగోడలు ముడుచుకుని, మలుపులో కారు ఊగుతుంది.

చిన్న చక్రం కథ కూడా వినండి. 1976లో టిరెల్ సంస్థ ఆరు చక్రాల కారును ఫార్ములా వన్ పందేల్లో దింపింది. ముందు నాలుగు చక్రాలు 10 అంగుళాలవే, గాలికి అడ్డు తగ్గాలని. ఆ ఏడాది స్వీడన్ పందెంలో మొదటి రెండు స్థానాలూ దానివే. కాని ఆ కొలత టైర్లు వాడేది ఆ ఒక్క కారే. మిగతా కొలతల టైర్లు మెరుగవుతూ పోగా, ఇవి వెనకబడ్డాయి. మరుసటి ఏడాదితో ఆ కారు కథ ముగిసింది. కొలత ఎంత గొప్పదైనా ఆ కొలతలో మంచి టైరు దొరకాలి గదా!

2005లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఇంకొకటి జరిగింది. అక్కడి ఏటవాలు మలుపును మిషెలిన్ టైర్లు తట్టుకోలేవని తేలింది. 14 కార్లు పందెం మొదలవకముందే తప్పుకున్నాయి, ఆరు కార్లే పరుగెత్తాయి. టిక్కెట్లు కొన్న జనం మండిపడ్డారు. కాని ప్రాణాలు నిలిచాయి.

ఇదంతా మనకెందుకు అంటారా? అహేరి, సిరోంచ దారుల్లో జీపులకు, మోటారు సైకిళ్ళకు బొద్దు టైర్లు వేయించాలని ముచ్చటపడే కుర్రవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. స్టీరింగు పూర్తిగా తిప్పితే ఆ టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. పక్కగోడ సన్నదైతే గుంతలో పడ్డప్పుడు రిమ్ము వంగుతుంది. కొనేముందు బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన కొలత చూడండి. టైరు మీద బరువుకు, వేగానికి ఉండే గుర్తులు చదవండి. మొత్తం వ్యాసం లెక్క కాగితం మీద వేసి చూడండి. ఏడో తరగతి పిల్లవాడు కూడా వేయగల లెక్క అది. వాడిచేతనే వేయించండి, మరీ మంచిది.