సొంత ఇంటి కొనుగోలు - స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ వ్యయాలపై అవగాహన

సొంత ఇల్లు ప్రతి కుటుంబానికీ చిరకాల స్వప్నం. గౌతమీ తీరాన కపిలేశ్వరపురం మొదలుకొని కొత్తపేట, అమలాపురం, రాజోలు వరకు కోనసీమ ప్రాంతంలో కొబ్బరితోట ఆదాయంతోనో, ఉద్యోగ విరమణ సొమ్ముతోనో, గల్ఫ్ దేశాలలో కష్టించి పంపిన ధనంతోనో ఇల్లు కొనుగోలు చేసే కుటుంబాలు అనేకం. అయితే బేరం కుదిరిన ధర ఒక్కటే ఇంటి ఖరీదు కాదు. దస్తావేజు రిజిస్ట్రేషన్ నాటికి చెల్లించవలసిన సుంకాలను ముందుగా లెక్కించుకోని కారణంగా చివరి నిమిషంలో అప్పులు చేయడం, లేదా ఖర్చు తగ్గించుకొనే ప్రయత్నంలో దస్తావేజులో తక్కువ ధర చూపడం కొన్నిచోట్ల జరుగుతున్నది. ఈ రెండూ కొనుగోలుదారుకే నష్టదాయకం. ఈ నేపథ్యంలో రిజిస్ట్రేషన్ వ్యయాల స్వరూపాన్ని, లెక్కించే విధానాన్ని, పాటించవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది.

చెల్లించవలసినవి మూడు

ఆంధ్రప్రదేశ్‌లో స్థిరాస్తి క్రయ దస్తావేజుపై ప్రధానంగా మూడు చెల్లింపులు ఉంటాయి. మొదటిది స్టాంపు సుంకం, 5 శాతం. 1899 నాటి భారత స్టాంపుల చట్టం దీనికి ఆధారం. రెండవది బదిలీ సుంకం, 1.5 శాతం. దీనిని రిజిస్ట్రేషన్ శాఖ వసూలు చేసినప్పటికీ ఇది స్థానిక సంస్థలకు చెందిన ఆదాయం. గ్రామంలో ఒక ఇల్లు చేతులు మారినప్పుడు చెల్లించిన సొమ్ములో కొంత భాగం ఈ విధంగా పంచాయతీరాజ్ సంస్థలకు చేరుతుంది. మూడవది రిజిస్ట్రేషన్ రుసుం, 1 శాతం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద దస్తావేజును నమోదు చేసి భద్రపరచినందుకు చెల్లించేది ఇది. మొత్తం కలిపి 7.5 శాతం. దీనికి తోడు స్వల్పమైన వాడుక రుసుం ఉంటుంది.

పొరుగున ఉన్న తెలంగాణలోనూ 2021 జూలై నుంచి మొత్తం 7.5 శాతమే అయినప్పటికీ విభజన వేరు. అక్కడ స్టాంపు సుంకం 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుం 0.5 శాతంగా నిర్ణయించారు. కర్ణాటకలో 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ రుసుమును 1 నుంచి 2 శాతానికి పెంచారు. రేట్లు కాలానుగుణంగా మారుతుంటాయి కనుక దస్తావేజు రాయించుకొనే ముందు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో గాని, శాఖ వెబ్‌సైటులో గాని సరిచూసుకొనడం ఉత్తమం.

ఈ ఖర్చు ఎవరు భరించాలి అన్న ప్రశ్న తరచు తలెత్తుతుంది. ఇరుపక్షాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు క్రయ దస్తావేజుపై స్టాంపు సుంకాన్ని కొనుగోలుదారే భరించాలని స్టాంపుల చట్టం 29వ సెక్షను చెబుతున్నది.

సుంకం ఏ విలువపై?

ఇది అత్యంత ముఖ్యమైన అంశం. దస్తావేజులో చూపిన క్రయధనం, ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువ - ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిపై సుంకం లెక్కిస్తారు. మార్కెట్ విలువలను గ్రామాలవారీగా, వార్డులవారీగా నిర్ణయించి మార్గదర్శక పట్టికలలో పొందుపరుస్తారు. సాగు భూమికి ఎకరం చొప్పున, ఇళ్ల స్థలానికి చదరపు గజం చొప్పున, కట్టడానికి చదరపు అడుగు చొప్పున విలువ కడతారు. స్లాబు ఇంటికి, పెంకుటింటికి, రేకుల ఇంటికి రేట్లు వేర్వేరుగా ఉంటాయి. రాష్ట్రంలో 2025 ఫిబ్రవరి 1 నుంచి సవరించిన విలువలు అమలులోకి వచ్చాయి.

కోనసీమలో స్థలాన్ని సెంట్లలో చెప్పుకొనడం వాడుక. ఒక సెంటు 48.4 చదరపు గజాలకు సమానం. పట్టికలోని గజం రేటును వర్తింపజేసే ముందు ఈ మార్పిడి చేసుకొనవలసి ఉంటుంది.

ఒక ఉదాహరణ

అవగాహన నిమిత్తం ఊహాత్మక అంకెలతో ఒక లెక్కను పరిశీలిద్దాం. గ్రామంలో 5 సెంట్ల స్థలంలో 900 చదరపు అడుగుల డాబా ఇల్లు ఉన్నదనుకుందాం. 5 సెంట్లు అంటే 242 చదరపు గజాలు. గజం మార్కెట్ విలువ రూ.3,000 అయితే స్థలం విలువ రూ.7,26,000. కట్టడానికి అడుగుకు రూ.1,000 చొప్పున రూ.9,00,000. మొత్తం మార్కెట్ విలువ రూ.16,26,000. ఇరుపక్షాలూ అంగీకరించిన ధర రూ.18,00,000.

ఇక్కడ ధరే ఎక్కువ కనుక సుంకం దానిపైనే. స్టాంపు సుంకం రూ.90,000, బదిలీ సుంకం రూ.27,000, రిజిస్ట్రేషన్ రుసుం రూ.18,000, వెరసి రూ.1,35,000. అంటే ఈ కుటుంబం రూ.18 లక్షలు కాక, మరో లక్షా ముప్పై అయిదు వేలు సిద్ధం చేసుకొనవలెను. దస్తావేజు లేఖరి ప్రతిఫలం, ఈసీ, నకళ్ల రుసుములు, కొలతల ఖర్చు, మధ్యవర్తి కమీషన్ దీనికి అదనం. బ్యాంకు రుణం తీసుకొంటే తనఖా పత్రంపై విడిగా సుంకం, రుసుం ఉంటాయి.

తక్కువ ధర చూపితే మిగిలేదెంత?

పై ఉదాహరణలో అసలు ధర దాచి, మార్కెట్ విలువ అయిన రూ.16,26,000 మాత్రమే దస్తావేజులో రాయించారనుకుందాం. అప్పుడు మూడు సుంకాలూ కలిపి రూ.1,21,950 అవుతాయి. మిగులు రూ.13,050 మాత్రమే. ఈ స్వల్ప మొత్తం కోసం కొనుగోలుదారు కోల్పోయేదేమిటో గమనించవలసి ఉన్నది.

మొదటిది, దస్తావేజులో లేని రూ.1,74,000 చెల్లింపునకు రుజువు ఉండదు. హక్కు లోపం బయటపడి సొమ్ము తిరిగి రాబట్టవలసి వస్తే న్యాయస్థానంలో నిలిచేది కాగితంపై ఉన్న అంకె. రెండవది, ఇంటిని తిరిగి అమ్మినప్పుడు కొనుగోలు ధర తక్కువగా కనిపించి లాభం ఎక్కువవుతుంది. దీర్ఘకాలిక మూలధన లాభంపై 12.5 శాతం పన్ను వర్తించే సందర్భంలో, దాచిన రూ.1,74,000 పైననే రూ.21,750 పన్ను పడుతుంది. ఆదా చేసిన దానికన్నా ఇది అధికం. మూడవది, బ్యాంకులు సాధారణంగా దస్తావేజు విలువను దృష్టిలో ఉంచుకొని రుణం నిర్ణయిస్తాయి కనుక రుణ మొత్తం తగ్గే అవకాశం ఉన్నది. అన్నింటినీ మించి, ప్రతిఫలాన్ని, విలువను ప్రభావితం చేసే అంశాలన్నింటినీ దస్తావేజులో యథాతథంగా పేర్కొనాలని స్టాంపుల చట్టం 27వ సెక్షను నిర్దేశిస్తున్నది. ఉద్దేశపూర్వకంగా దాచడం శిక్షార్హం.

ఇందుకు భిన్నంగా, పట్టికలోని విలువ వాస్తవ ధరకన్నా ఎక్కువగా ఉన్నదని కొనుగోలుదారు భావించే సందర్భాలూ ఉంటాయి. అట్టి స్థితిలో 47-ఎ సెక్షను కింద విలువ నిర్ణయానికి దస్తావేజును ఉన్నతాధికారికి నివేదించవలసిందిగా కోరవచ్చు. లోటుగా తేలిన సుంకంలో 50 శాతం ముందుగా జమ చేయవలసి ఉంటుంది.

బయానా ఇచ్చే ముందు

సుంకం ఎంత సక్రమంగా చెల్లించినా అమ్మేవారికి లేని హక్కు కొనేవారికి రాదు. రిజిస్ట్రేషన్ అనేది దస్తావేజు నమోదు మాత్రమేనని, హక్కుకు ప్రభుత్వం ఇచ్చే పూచీ కాదని గుర్తించవలెను. అందువల్ల బయానా ఇవ్వడానికి ముందే లింకు దస్తావేజుల అసలు ప్రతులు చూడాలి. ఈసీ తీసుకోవాలి. రాష్ట్రంలో 1998 నవంబరులో కంప్యూటరీకరణ ప్రాజెక్టు ‘కార్డ్’ ప్రారంభమైన తరువాత ఈసీ పొందడం సులభమైంది. అయితే రిజిస్టరైన లావాదేవీలే ఈసీలో కనిపిస్తాయి. రిజిస్టరు కాని వీలునామా, కోర్టు వివాదం, పత్రాలు తాకట్టు పెట్టి తీసుకొన్న కొన్ని అప్పులు అందులో కనిపించకపోవచ్చు. అసలు పత్రాలు చూపడానికి విక్రేత వెనుకాడితే అది హెచ్చరికగా భావించాలి.

దేవాదాయ భూములు, ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు వంటివి 22-ఎ నిషేధిత జాబితాలో ఉంటాయి. ప్రభుత్వం ఇచ్చిన ఇళ్ల పట్టా స్థలాల అమ్మకంపై కాలపరిమితి నిబంధనలు ఉన్నాయి. సర్వే నంబరు ఆ జాబితాలో ఉన్నదీ లేనిదీ ముందుగా తెలుసుకొనవలెను.

నదీతీర గ్రామాలలోను, లంకలలోను మరొక జాగ్రత్త అవసరం. గోదావరి కోత వల్ల కాగితంపై ఉన్న విస్తీర్ణం నేలమీద లేకపోవచ్చు. దస్తావేజు ప్రకారం సుంకం చెల్లించి, తక్కువ స్థలం స్వాధీనం చేసుకొనే పరిస్థితి రాకుండా సర్వేయరు చేత కొలిపించి, నాలుగు హద్దులు సరిచూసుకొనాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినందున పాత దస్తావేజులలో తూర్పుగోదావరి జిల్లా అని ఉండటం సహజం. జిల్లా పేరు మారినంత మాత్రాన హక్కుకు భంగం లేదు. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు సరిపోవడమే ప్రధానం.

అగ్రిమెంటుతో ఆగిపోరాదు

సుంకం భారమని భావించి విక్రయ అగ్రిమెంటుతోనో, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతోనో సరిపెట్టుకొనేవారు ఉన్నారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం విక్రయ ఒప్పందం తనంతట తానుగా ఆస్తిపై హక్కు కల్పించదు. ఇట్టి పత్రాలతో యాజమాన్యం బదిలీ కాదని సూరజ్ ల్యాంప్ కేసులో 2011 అక్టోబరు 11న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

విదేశాలలో ఉన్నవారు కొనుగోలు చేసేటప్పుడు

కోనసీమ నుంచి కువైట్, దుబాయ్ తదితర ప్రాంతాలకు ఉపాధికై వెళ్లినవారు ఎందరో ఉన్నారు. వీరు పంపిన సొమ్ముతో ఇక్కడి బంధువులు ఇల్లు కొనేటప్పుడు దస్తావేజు ఎవరి పేరున ఉండాలన్నది ముందుగానే నిర్ణయించుకొనవలెను. తాత్కాలికంగా అన్న పేరునో, బావ పేరునో రాయించి, తరువాత మార్చుకొనవచ్చునని భావించడం పొరపాటు. మార్పునకు మరో దస్తావేజు, దానిపై మరోసారి సుంకం తప్పవు. పేరు ఉన్నవారు మార్చడానికి అంగీకరించకపోతే కష్టార్జితమే ప్రశ్నార్థకమవుతుంది.

రిజిస్ట్రేషన్ చట్టం 32-ఎ సెక్షను ప్రకారం దస్తావేజుపై కొనుగోలుదారు ఫొటో, వేలిముద్రలు కూడా అవసరం. స్వయంగా రాలేనివారు అక్కడి భారత రాయబార కార్యాలయంలో కాన్సులర్ అధికారి సమక్షంలో గాని, నోటరీ సమక్షంలో గాని పవర్ ఆఫ్ అటార్నీ రాసి ధృవీకరణ పొందాలి. అది భారతదేశం చేరిన నాటి నుంచి మూడు నెలలలోపు ఇక్కడ స్టాంపు సుంకం చెల్లించాలి. దస్తావేజు మాత్రం విదేశంలో ఉన్నవారి పేరుననే, ప్రతినిధి ద్వారా రాయించుకొనాలి. సొమ్ము వారి బ్యాంకు ఖాతా నుంచే విక్రేతకు చేరడం శ్రేయస్కరం.

మరొక ముఖ్య విషయం: ప్రవాస భారతీయులు నివాస గృహం కొనవచ్చు గాని, వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనుగోలుకు విదేశీ మారక నిబంధనలు సాధారణంగా అనుమతించవు. కోనసీమలో ఇల్లు కొబ్బరితోట మధ్యన ఉండటం పరిపాటి. ఇంటితోపాటు తోట కూడా అదే దస్తావేజులో ఉంటే రెవెన్యూ రికార్డులలో భూమి స్వభావం ఏమిటో ముందే తెలుసుకొనవలెను.

ఆదాయపు పన్ను, జీఎస్టీ

ఆస్తి విలువ రూ.50 లక్షలు, ఆపైన ఉంటే కొనుగోలుదారు 1 శాతం టీడీఎస్ మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. విక్రేత విదేశాలలో నివసించే వ్యక్తి అయితే ఈ పరిమితి వర్తించదు, రేటు కూడా వేరు. ఇంటి అమ్మకానికి సంబంధించి రూ.20,000, ఆపైన మొత్తాలను నగదుగా స్వీకరించరాదు. పాత పన్ను విధానం ఎంచుకొన్నవారికి స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుములపై, ఇతర అర్హమైన పొదుపులతో కలిపి, రూ.1.5 లక్షల వరకు మినహాయింపు ఉన్నది. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుపై 5 శాతం, అందుబాటు ధర గృహాలపై 1 శాతం జీఎస్టీ 2019 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్నది. పాత ఇంటి కొనుగోలుపై జీఎస్టీ లేదు.

రిజిస్ట్రేషన్ నాడు, ఆ తరువాత

దస్తావేజుపై సంతకాలైన తేదీ నుంచి నాలుగు నెలలలోగా రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి. అనివార్య కారణాలతో ఆలస్యమైతే జరిమానాతో మరో నాలుగు నెలల వ్యవధి లభించవచ్చు. సుంకాలను చలానా ద్వారా చెల్లించి రసీదు భద్రపరచుకొనాలి. అధికారిక రసీదు లేని ఏ చెల్లింపూ సుంకం కాదు. గుర్తింపు పత్రాలతో ఇద్దరు సాక్షులు హాజరు కావాలి. నడవలేని వృద్ధులు, అస్వస్థులు తగిన కారణం చూపి తమ నివాసం వద్దనే రిజిస్ట్రేషన్ జరపవలసిందిగా దరఖాస్తు చేసుకొనవచ్చు. సంతకం చేసే ముందు పేర్లు, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, ధర ఒకసారి బిగ్గరగా చదివించుకొనడం మంచిది. చిన్న తప్పు దొర్లినా సవరణ దస్తావేజు అవసరమవుతుంది.

రిజిస్ట్రేషన్ ముగిసిన తరువాత తాజా ఈసీ తీసుకొని తమ పేరు నమోదైనదీ లేనిదీ చూసుకొనాలి. పంచాయతీ లేదా పురపాలక రికార్డులలో ఇంటి పన్ను పేరు మార్పు, విద్యుత్ కనెక్షన్ పేరు మార్పు పూర్తి చేయించుకొనాలి. విక్రేత నాటి ఇంటి పన్ను, విద్యుత్ బకాయిలు ధర చెల్లింపునకు ముందే తీర్పించుకొనడం విజ్ఞత.

ఇల్లు తరతరాలకు నీడనిచ్చే ఆస్తి. బేరం కుదిరిన నాడే ధరకు 7.5 శాతం, ఇతర ఖర్చులు కలిపి లెక్క వేసుకొని, అసలు ధరనే దస్తావేజులో రాయించుకొని, సకాలంలో రిజిస్టరు చేయించుకొన్న కుటుంబానికి ఆ కాగితమే రక్షణ. సుంకంలో కొన్ని వేలు మిగుల్చుకొనే ప్రయత్నంలో ఆ రక్షణను బలహీనపరచుకొనరాదని కొనుగోలుదారులందరూ గ్రహించవలసి ఉన్నది.