ఉప్పూ గ్లూకోజూ కలిసి దాటిన పొర

కలరాలో ప్రాణం తీసేది ఒంట్లోంచి నీరూ ఉప్పూ వెళ్ళిపోవడమే. ఈ సంగతి 1831లోనే తెలిసింది. ఇంగ్లండులోని సండర్‌లాండ్‌లో రోగుల రక్తాన్ని పరీక్షించిన విలియం ఓషానెసీ అందులో నీరు, లవణాలు బాగా తగ్గిపోయాయని కనుక్కున్నాడు. మరుసటి ఏడు స్కాట్లండులోని లీత్‌లో థామస్ లాటా ఉప్పునీటిని నేరుగా రక్తనాళంలోకి ఎక్కించి, ఆశ వదులుకున్న కొందరిని బతికించాడు. ఆ తర్వాత చాలాకాలం మూలపడిన ఈ పద్ధతిని 20వ శతాబ్దం మొదట్లో కలకత్తాలో లెనార్డ్ రోజర్స్ మెరుగుపరిచి నిలబెట్టాడు. అయితే సెలైన్ సీసా, సూది, వాటిని వాడడం తెలిసిన మనిషి ఉండేది ఆసుపత్రిలో. కలరా వచ్చేదేమో ఊళ్ళలో.

ఉప్పునీరు తాగిస్తే సరిపోదా అంటే, తాగింది తాగినట్టే విరేచనంగా పోయేది. కలరా పేగు లోపలి పొరను ఊడగొడుతుందనీ, అందుకే అది దేన్నీ పీల్చుకోలేదనీ వైద్యులు నమ్మేవారు. 1953లో కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి రోగులను బాగుచేసినట్టు లాన్సెట్ పత్రికలో రాశాడు. ఎంత నీరు లోపలికి పోయిందో, ఎంత బయటికి వచ్చిందో లెక్కలు లేకపోవడంతో ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఉపేక్షకు కట్టిన మూల్యం చాలా పెద్దది.

ఉప్పునీటికి గ్లూకోజు తోడైతే ఎందుకు పనిచేస్తుందన్న చిక్కుముడి కణం చుట్టూ ఉండే పొర, అంటే కణత్వచం, దగ్గర విడింది. ఆ పొర ప్రధానంగా కొవ్వు పదార్థం. విద్యుదావేశం ఉన్న సోడియం దాన్ని తనంతట తాను దాటలేదు, ప్రోటీన్ల సాయం కావాలి. పేగు కణంలో ఒక ప్రోటీను సోడియాన్నీ గ్లూకోజునూ జతగా లోపలికి తీసుకుంటుందని 1960లో ప్రాగ్‌లో జరిగిన సదస్సులో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. లోపలికి వచ్చిన సోడియాన్ని కణం రెండోవైపు నుంచి రక్తం దిశగా నెట్టేది సోడియం పంపు. దాన్ని 1957లో డెన్మార్క్‌లో యెన్స్ స్కో గుర్తించాడు. పంపు నడిచేది ఏటీపీ శక్తితో. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో 1929లో వేరుచేసిన అణువు ఇదే. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నాడు. సోడియం ఎటు పోతే నీరు ద్రవాభిసరణం వల్ల అటే పోతుంది.

1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేళ్ళ పేగులపై చేసిన ప్రయోగాలతో, కలరా సూక్ష్మజీవి వదిలే విషమే నీటిని బయటికి రప్పిస్తుందని తేలింది. ఆ విషం కణాల నుంచి క్లోరైడును పేగులోకి వదిలిస్తుంది, దాని వెంట సోడియం, నీరు వెళ్తాయి. సోడియం, గ్లూకోజు జతగా వచ్చే మార్గానికి మాత్రం దానివల్ల దెబ్బ తగలదు. పేగు పొర చెక్కుచెదరదని 1960లో బ్యాంకాక్ రోగుల పేగు ముక్కలను పరీక్షించినప్పుడే రుజువైంది.

1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ బృందం రోగి ఒంట్లోంచి పోయినదాన్ని కొలిచి, అంతే ద్రవాన్ని తాగించింది. సెలైన్ అవసరం బాగా తగ్గింది. అసలు పరీక్ష 1971లో వచ్చింది. తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులు పోటెత్తిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో సెలైన్ నిల్వలు అడుగంటాయి. అక్కడి వైద్యుడు దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. వైద్యం తెలియని చేతులకు ఈ పని అప్పగించడమే ఆయన చూపిన గొప్ప తెగువ.

1980 నుంచి బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, మూడు వేళ్ళకు వచ్చినంత ఉప్పు, గుప్పెడు బెల్లం నీళ్ళలో కలపడం తల్లులకు నేర్పారు. కొలత తప్పితే ప్రమాదమే. తీపి ఎక్కువైతే ద్రావణం చిక్కనై, పేగే తిరిగి నీరు కోల్పోతుంది. అందుకే 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్‌ఎస్ అని పిలిచే ఈ తాగించే ద్రావణాన్ని పలచన చేసింది. అప్పటి నుంచి లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వీటితో పాటు పొటాషియం క్లోరైడు, సిట్రేటు.