బొగ్గుబాయిలకు దిగే బాట

మన సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందు దిక్కు మొదలైంది. అప్పుడు అన్నీ భూమి లోపలి బాయిలే. 1975లో రామగుండం దిక్కు ఓపెన్‌కాస్ట్ వచ్చినంక లెక్క మారింది. బొగ్గు మీదున్న భూమి మొత్తం తీయాలె, డంపర్లు దిగి ఎక్కేందుకు బాట వేయాలె.

ఆ బాటకు కొలత ఉంది. గనుల నిబంధనల ప్రకారం వాలు మామూలుగా 16కు 1 దాటొద్దు. అంటే 16 మీటర్లు పోతే 1 మీటరే దిగాలె. 100 మీటర్ల లోతుకు 1,600 మీటర్ల బాట! అందుకే గుంత అంచు వెంట తిప్పుకుంటూ వేస్తరు, బయటి అంచుకు మట్టికట్ట పోస్తరు.

మరి బొగ్గు అయిపోయినంక ఆ బాట సంగతేంది? ట్రాక్టర్ టైరు నడిచిన చోటే మన చెలకల మొలక సరిగ రాదు. లోడుతో వంద టన్నులు దాటే డంపర్లు ఏండ్లకేండ్లు తొక్కిన నేల ఎట్లుంటదో ఆలోచించుండ్రి. దాని మీద ఉత్తగ మట్టి పోసి మొక్క నాటితే వేరు దిగదు, వాన నీళ్లు ఇంకవు. ముందు లోతుగా చీల్చాలె. తర్వాత, మొదట్లోనే తీసి వేరుగా దాచిన పైమట్టి పరచాలె.

2009లో కేంద్ర బొగ్గు శాఖ గనుల మూసివేతకు మార్గదర్శకాలు తెచ్చింది. అప్పటి ధరల్లో ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి 1 లక్ష ఎస్క్రో ఖాతాల వేయాలన్నది. ఏది నేలను ఎక్కువ పాడుచేస్తదో ఆ లెక్కే చెప్తుంది.

కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణకు పోతే పరిహారం ఒక్కటే అడిగి రాకుండ్రి. పైమట్టి ఎక్కడ కుప్ప పోస్తరు, బాటను ఎన్నడు చీలుస్తరు? మూసివేత ప్లాన్‌ల రాసి చూపమనుండ్రి.