కీచుమను బ్రేకుల కథ

కారునకు క్రొత్త డిస్కులు, క్రొత్త ప్యాడ్లు వేయించి, మెకానిక్కునకు సొమ్ము చెల్లించి, వీధి మలుపు తిరుగగానే చక్రము కీచుమనుట వాహనము గలవారికి తెలిసిన అనుభవమే. పాత వస్తువు మొఱపెట్టిన సహింపవచ్చును. క్రొత్తది మొఱపెట్టిన మోసపోతిమేమో అను శంక కలుగును. నిజమునకు ఈ కీచుధ్వని డిస్కు బ్రేకుతో కవలగా పుట్టినది.

1902లో బర్మింగ్‌హామున కార్లు నిర్మించుచుండిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ అను ఇంజనీరు డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. చక్రముతోపాటు తిరుగు లోహపు బిళ్ళను రెండు ప్రక్కల నుండి నొక్కి పట్టుట అతని పద్ధతి. ఊహ సరియైనదే. కాని నొక్కెడి భాగములకు అతడు రాగి తొడుగు వేసెను. లోహము లోహముతో ఒరసికొనగా వెలువడిన రవము చెవులు మూసికొనదగినది. పైగా ఆనాటి మట్టిబాటల దుమ్ములో రాగి త్వరగా అరిగిపోయెడిది. అదే కాలమున ఫ్రాన్సులో లూయీ రెనో తీర్చిదిద్దిన డ్రమ్ము బ్రేకు ఇంచుమించు అర్ధశతాబ్దము రాజ్యమేలెను.

శబ్దమునకు మందు కనుగొన్నవాడు హెర్బర్ట్ ఫ్రూడ్. డార్బీషైరు కొండదారులలో బండ్లవారు దిగుడున బ్రేకు చెక్కకు పాత బూట్ల తోలు తగిలించుట చూచి, 1897లో అతడు రాపిడి తొడుగుల ప్రయోగములు మొదలుపెట్టెనని చెప్పుదురు. తన ఇంటిపేరులోని అక్షరములను తారుమారు చేసి, భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరము చేర్చి తన సంస్థకు ఫెరోడో అని పేరు పెట్టెను. ఆ తరువాత అతడు తొడుగులలో ఆస్బెస్టాసును, అనగా రాతినారను వాడగా కీచురవము అణగెను, తొడుగు ఆయువు పెరిగెను. (మన కడప జిల్లా పులివెందుల ప్రాంతమునను ఈ రాతినార గనులు ఉండెడివి.) అయితే ఆ నిశ్శబ్దమునకు వెల ఊపిరితిత్తులు చెల్లించినవి. రాతినార ధూళి ప్రాణాంతక వ్యాధులకు మూలమని తేలిన పిమ్మట బ్రిటన్ 1999లో దానిని సంపూర్ణముగా నిషేధించెను. పాత బండ్ల బ్రేకు ధూళిని నోటితో ఊదుట నేటికిని తగదు.

1953లో లీ మాన్స్ పందెమున డన్‌లప్ డిస్కు బ్రేకులు గల జాగ్వార్ కారు గంటకు 105 మైళ్లకు మించిన సగటు వేగముతో గెలిచెను. డిస్కు తిరిగి వచ్చెను. దానితో కీచుధ్వనియు వచ్చెను.

ఫిడేలు కమాను తీగను పట్టి విడుచుచు ధ్వని పుట్టించును గదా; ప్యాడు డిస్కును అట్లే పట్టి విడుచునని చాలకాలము తలచిరి. 1961లో స్పర్ అను పరిశోధకుడు మఱియొక సంగతి చూపెను. రాపిడి స్థిరముగా నున్నను, ప్యాడు ఆనెడి కోణము తగనిదైనచో భాగములు బిగుసుకొని, సడలి, కంపించును. దోషము ప్యాడు ముద్దలోనే కాక, అమరికలోనూ ఉండవచ్చునన్నమాట. డిస్కు ఆ కంపమును కంచుగంట వలె ప్రకటించును. శబ్దమే వృత్తిగా గల మాబోంట్లకు ఈ మాట సులభముగా బోధపడును: మ్రోగునది ఒకటి, మ్రోగించునది వేఱొకటి.

కనుక క్రొత్త బ్రేకు కూసినపుడు, ఎప్పుడు కూసినదో మొదట గమనింపవలెను. తొలి కొన్ని వందల కిలోమీటర్లలో సన్నని గరగర వినవచ్చిన కంగారు వలదు. రెండు తలములు ఒదుగుచున్నవి. బ్రేకు త్రొక్కకయే ప్రతి చుట్టునకు ఒకమారు గీసికొన్నచో, వెనుకనున్న దుమ్ము రేకు వంగి డిస్కును తాకుచుండవచ్చును, చేతితో సరిచేయవచ్చును. త్రొక్కినపుడు పెడలు అదరినచో, క్రొత్త డిస్కును తుప్పుపట్టిన హబ్బుపై శుభ్రము చేయకుండ బిగించిరేమో చూడవలెను. తుప్పు పొర ఎంత పలుచనైనను డిస్కు వంకరగా తిరుగును. ముందునకు, వెనుకకు నడపునపుడు టక్కుమన్న ప్యాడు వదులు. క్లిప్పులు సరిగా కూర్చలేదు. ఆగబోవునపుడు కీచుమన్నచో ప్యాడు వెనుకటి పలుచని రేకు లోపించియుండును, లేదా కాలిపరు జారెడి పిన్నులు ఎండియుండును. క్రొత్త డిస్కు మీది రక్షణ నూనెను కడుగకుండుట మఱియొక కారణము. ఆ నూనె ప్యాడులో ఇంకినచో ధ్వనియే కాదు, పట్టును తగ్గును. లోహము లోహమును నమలునట్టి మోటు గరగర వినబడినచో మాత్రము బండిని అక్కడనే ఆపి, చక్రము విప్పించవలెను.